సింగపూర్ ప్రయాణానికి ఫోన్‌ను సిద్ధం చేసుకున్న తీరు: నా అనుభవం

2025 సంక్రాంతి వెళ్ళాక నేనూ మా వారూ మనవరాలి బారసాలకు సింగపూర్ వెళ్ళి 26 రోజులు ఉండి వచ్చాం. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ సైతం దాటిన తరవాతి రోజులకే టికెట్లు తీసుకున్నాం. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు స్కూట్ విమానం నేరుగా వెళుతుంది. రాత్రి ఇక్కడ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగవచ్చు. వీసా, పట్టుచీరలు, పసిపిల్లకు వెండి మొలతాడు వంటివన్నీ వేళకే సమకూరాయి. నన్ను మూడు వారాలపాటు ఆలోచనలో పడేసింది మాత్రం చేతిలోని ఫోన్. అక్కడ దాన్ని ఏ నంబరుతో, ఎవరి నెట్‌తో వాడాలన్నది తేల్చుకోవడానికి నేను పడిన శ్రమను, మధ్యలో జరిగిన పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను. పిల్లల దగ్గరకు తొలిసారి వెళ్ళే నా వయసువారికి ఇది ఉపయోగపడాలని నా కోరిక.

అంత ఆలోచన ఎందుకన్నది చెప్పాలంటే 2017 నాటి దుబాయి ప్రయాణం గురించి చెప్పాలి. అప్పుడు నాది పోస్ట్‌పెయిడ్ కనెక్షన్. హోటల్ వైఫై ఉంది కదా, వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చని ధీమాగా వెళ్ళాం. తీరా వెళ్ళాక మెసేజిలు పోతున్నాయి, ఫోటోలు పోతున్నాయి గాని కాల్ మాత్రం కలవలేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌ను అక్కడి నెట్‌వర్కులు అనుమతించవని మాకు తెలియదు. హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఆ రోజు జ్వరం. ఆత్రంలో వైఫై తీసేసి, ఫోన్‌లో డేటా రోమింగ్, అంటే మన సిమ్‌తోనే పరాయి దేశపు నెట్‌వర్కు మీద నెట్ వాడుకునే సదుపాయం, ఆన్ చేశాను. వెంటనే వీడియో కాల్ కలిసింది. ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఇంటికి వచ్చాక నా ఫోన్ కంపెనీ పంపిన బిల్లు మా నాలుగు నెలల ఫోన్ ఖర్చు కన్నా ఎక్కువ ఉంది. రోమింగ్ ప్యాక్ వేసుకోకుండా డేటా వాడితే ఒక్కొక్క ఎంబీకి లెక్క కడతారని ఆ బిల్లు చూశాకే నాకు తెలిసింది.

వైఫైలో కలవని కాల్ రోమింగ్‌లో ఎందుకు కలిసిందన్న సంగతి చాలాకాలం నాకు అర్థం కాలేదు. టెలికాం ఇంజినీరుగా పనిచేసే మా మేనల్లుడు ఈసారి విడమరచి చెప్పాడు. మన సిమ్ విదేశంలో రోమింగ్‌లో ఉన్నప్పుడు డేటా సాధారణంగా అక్కడి టవరు ద్వారా తిరిగి మన దేశంలోని మన కంపెనీకే వచ్చి, ఇక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళుతుందట. అందుకే అక్కడి ఆంక్షలు దానికి అంతగా తగలవు. అదే అక్కడి సిమ్ వేసుకుంటే అక్కడి నుంచే నేరుగా నెట్‌లోకి వెళతాం కాబట్టి ఆ దేశపు నియమాలన్నీ మనకూ వర్తిస్తాయి. దీనికి రెండో ముఖం కూడా ఉంది. విదేశీ సిమ్ మీద ఉన్నప్పుడు మన దేశంలోని కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు, మనం బయటి దేశం నుంచి వస్తున్నామని చూసి తెరుచుకోవు. ఏ దారి ఎంచుకోవాలన్నది ధరతోనే తేలే విషయం కాదని నాకు అప్పుడే తోచింది.

ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. మా అపార్ట్‌మెంటులో అమెరికా వెళ్ళి వచ్చినవారు అక్కడి సిమ్ తీసుకోవడమే మేలన్నారు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో కలిసిన నా పాత సహోద్యోగి, ఒక నెలకు రోమింగ్ ప్యాక్ వేసుకుని నిశ్చింతగా ఉండమన్నారు. మా అల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, మీరేమీ కొనకండి, ఇంట్లో వైఫై ఉంది కదా" అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు గాని, వారు చెప్పింది వారి వారి అవసరాలను బట్టి. కాబట్టి ముందు నా అవసరమేమిటో నాకే తెలియాలని, ఒక పాత నోటుపుస్తకం తీసుకుని మూడు రోజులపాటు నా ఫోన్‌తో చేసిన ప్రతి పనినీ రాసుకున్నాను.

రాసుకున్నది చూస్తే నాకే ఆశ్చర్యం కలిగింది. మామూలు కాల్స్ చాలా తక్కువ. ఎక్కువ భాగం వాట్సాప్ మాటలే. కరెంటు బిల్లు, పాల డబ్బులు, పనిమనిషి జీతం అన్నీ యూపీఐలో వెళ్ళినవి. బ్యాంకు నుంచి, గ్యాసు నుంచి, ఆధార్ నుంచి వచ్చిన ఓటీపీలు మూడు రోజుల్లో తొమ్మిది. ఆ తొమ్మిదీ నా పాత నంబరుకు మామూలు ఎస్సెమ్మెస్‌గానే వచ్చాయి. వాట్సాప్‌లో ఏదీ రాలేదు. మామూలు కాల్స్‌లో రోజూ క్రమం తప్పకుండా ఉన్న పేరు ఒక్కటే, మా అత్తయ్యగారిది. ఆవిడకు 86 ఏళ్ళు. ఆవిడ దగ్గర పెద్ద అంకెలున్న బటన్ల ఫోన్ ఉంది. అందులో రెండో అంకెను కాసేపు నొక్కి పట్టుకుంటే నాకు మోగుతుంది, మూడో అంకె నొక్కితే మా మరిదికి మోగుతుంది. ఆవిడకు తెలిసిన ఫోన్ విద్య అంతే, అంతకు మించి నేర్పే ప్రయత్నం మేము ఎన్నడూ చేయలేదు. నేను బజారుకు వెళ్ళినా ఒక గంట దాటితే రెండో అంకె నొక్కుతారు. మేము లేని రోజుల్లో రాత్రిపూట గాజువాక నుంచి మా తోటికోడలు వచ్చి తోడు పడుకునేలా, పగలు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కనిపెట్టుకుని ఉండేలా ఏర్పాటు చేశాం. అయినా ఆ రెండో అంకె నొక్కినప్పుడు నా ఫోన్ మోగకపోతే ఆవిడకు ఆ రోజు అన్నం సహించదు.

దీంతో నా లెక్క తేలింది. నా పాత నంబరు సింగపూర్‌లో బతికి ఉండాలి. కానీ అది ఎస్సెమ్మెస్ అందుకోవడానికి, మోగడానికి ఉంటే చాలు. మిగతా పనులన్నిటికీ కావలసింది నెట్. ఆ నెట్ ఎవరిదైనా ఫరవాలేదు. ఈ రెండింటినీ కలిపి ఒకే కొనుగోలుతో తీర్చుకోవాలని చూసినప్పుడే ఖర్చు పెరుగుతుంది. రోమింగ్ ప్యాక్‌లో నెలకు వచ్చే డేటా కొద్ది జీబీలే ఉంటే, సింగపూర్‌లో పర్యాటకులకు అమ్మే సిమ్‌లో పదుల జీబీలు వస్తున్నాయి. పసిపిల్లను వీడియోలో చూపించమని విశాఖ నుంచీ విజయనగరం నుంచీ ఫోన్లు రావడం తథ్యం కాబట్టి కొద్ది జీబీలు నాకు వారానికి కూడా సరిపోవు.

సిమ్ కోసం మొదట ద్వారకానగర్‌లోని ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరకు వెళ్ళాను. ఆయన ఈసిమ్ తీసుకోమన్నారు. కార్డు అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ పంపిస్తాను, దాన్ని స్కాన్ చేస్తే చాలు, ఇక్కడే అన్నీ అయిపోతాయన్నారు. వినడానికి బాగుంది. డబ్బు కట్టబోతుంటే కౌంటరులో కూర్చున్న కుర్రవాడు, "ఒకసారి మీ ఫోన్ ఇవ్వండి మేడమ్" అని తీసుకుని *#06# నొక్కాడు. ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబర్లు రెండు కనిపించాయి. "ఈఐడీ అని ఇంకో పెద్ద నంబరు కూడా రావాలండీ. అది లేదు కాబట్టి మీ ఫోన్‌కు ఈసిమ్ పనిచేయదు" అన్నాడు. ఆ కుర్రవాడికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఆ చిన్న పరీక్ష చేయకుండా క్యూఆర్ కోడ్ కొనుక్కుని విమానం ఎక్కి ఉంటే, దిగాక ఆ కాగితం ఎందుకూ పనికివచ్చేది కాదు. పైగా పర్యాటకుల ఈసిమ్‌లలో చాలావాటిలో డేటా మాత్రమే ఉంటుందని, అక్కడి ఫోన్ నంబరు రాదని కూడా అతనే చెప్పాడు. మా అమ్మాయి బాలింత. పిల్లల డాక్టరు దగ్గర నుంచి గాని, సరుకులు తెచ్చే కుర్రవాడి నుంచి గాని ఫోన్ వస్తే ఎత్తడానికి నాకు అక్కడి నంబరు ఉంటే మంచిదని అమ్మాయి ముందే చెప్పి ఉంది. కాబట్టి ఈసిమ్ ఆలోచన అక్కడితో విరమించుకున్నాను. విదేశీ సిమ్‌లను మన దేశంలో అమ్మేవారికి టెలికాం శాఖ అనుమతి ఉండాలన్న నియమం కూడా ఉంది. ఎవరు పడితే వారి దగ్గర ఆన్‌లైన్‌లో కొనేముందు ఆ సంగతి చూసుకోవడం అవసరం.

మా వారి ఫోన్ దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. స్మార్ట్ ఫోన్ ఆయనకు నచ్చదు. పదేళ్ళ నాటి బటన్ల ఫోన్, 2జీది, జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఆయన పెన్షన్ ఖాతా ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. రోమింగ్ వేయించడానికి ఆశీలుమెట్ట వైపు ఒక ఫోన్ కంపెనీ షాపుకు వెళితే, అక్కడివారు ఆ ఫోన్ చూసి కూడా, ఏ దేశంలోనైనా పనిచేస్తుందని చెప్పి పంపించేశారు. రాత్రి అమ్మాయితో ఈ మాట అంటే ఆమె ఉలిక్కిపడింది. సింగపూర్‌లో 2జీని 2017 ఏప్రిల్‌లోనే ఆపేశారు. 3జీని కూడా 2024లో మూసేశారు. అంటే ఆ ఫోన్‌కు చాంగీ విమానాశ్రయంలో దిగింది మొదలు సిగ్నల్ అన్నదే రాదు. మన దగ్గర 2జీ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ ఫోన్‌లో ఏ లోపమూ లేదన్న భావన మాకుంది. అది వెళ్ళే దేశంలో ఏ నెట్‌వర్కు ఉందన్న ప్రశ్న షాపులో ఎవరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంది. పెద్దవాళ్ళు ఎంతమంది అలాంటి ఫోన్‌ను నమ్ముకుని వెళ్ళి ఉంటారో అనిపిస్తుంది.

2జీ, 3జీ రెండూ లేని దేశంలో ఇంకొక సంగతి కూడా చూసుకోవాలని మా మేనల్లుడు చెప్పాడు. 4జీ ఫోన్ ఉన్నంత మాత్రాన మాట్లాడటం కుదరదు. 4జీ మీదే మాట మోసే వోల్టీ (VoLTE) పద్ధతి మన ఫోన్‌లో ఉండాలి, మన కంపెనీకి ఆ దేశపు కంపెనీతో వోల్టీ రోమింగ్ ఒప్పందమూ ఉండాలి. లేకపోతే నెట్ వస్తుంది గాని మామూలు కాల్ రాదు. మేము రెండు కంపెనీల కస్టమర్ కేర్‌కూ ఫోన్ చేసి ఈ ఒక్క ప్రశ్నా సూటిగా అడిగాం. నా నంబరుకు ఉందన్నారు. మా వారి నంబరుకు మొదట ఒకరు ఉందనీ, ఇంకొకరు లేదనీ అన్నారు. ఆయనకు కావలసింది ఎస్సెమ్మెస్ మాత్రమే కాబట్టి దాన్ని అంతటితో వదిలేశాం. బీరువాలో నిరుడు పక్కన పెట్టేసిన నా పాత 4జీ ఫోన్ బయటకు తీసి, ఛార్జి చేసి, ఆయన సిమ్‌ను దానిలోకి మార్చాం. సిమ్ పెద్ద సైజుది కావడంతో షాపులో చిన్న సిమ్ తీసుకోవలసి వచ్చింది. ఇదంతా ప్రయాణానికి పది రోజుల ముందు జరిగింది కాబట్టి సరిపోయింది. అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్న తొలి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగి ఉంటాయి కాబట్టి ఆఖరి రోజున ఈ పని పెట్టుకోకూడదు.

బయలుదేరే ముందు వారంలో చేసిన పనులు మరికొన్ని ఉన్నాయి. రెండు నంబర్లకూ ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే యాక్టివేట్ చేయించుకున్నాం. అక్కడికి వెళ్ళాక చేయించుకోవాలంటే దానికే ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ రావాలంటే రోమింగ్ ఉండాలి. వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మా రెండు కంపెనీలూ రోమింగ్‌లో కూడా డబ్బు తీసుకోవు. ఎత్తిన కాల్‌కు మాత్రం, అది మనకు వచ్చిన కాల్ అయినా సరే, నిమిషానికి ఇంత అని పడుతుంది. ఎత్తని కాల్‌కు పడదు. అయితే ఎత్తనప్పుడు కాల్‌ను వేరే నంబరుకో వాయిస్ మెయిల్‌కో మళ్ళించే ఏర్పాటు ఫోన్‌లో ఉంటే దానికి డబ్బు పడే ప్రమాదం ఉంది కాబట్టి, ##002# నొక్కి అలాంటి మళ్ళింపులన్నీ తీసేశాను. ఇక్కడి మామూలు రీఛార్జి గడువు మేము అక్కడ ఉండగా ముగుస్తుందని తెలిసి ముందుగానే వేయించాను. ఆరేసి నెలలు అమెరికాలో ఉండి వచ్చేవారు ఈ విషయాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 90 రోజులపాటు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేసుకోవచ్చు. మా వీధిలో ఒకరు అలా ఇరవై ఏళ్ళ నంబరు పోగొట్టుకుని, బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాసులో కొత్త నంబరు మార్పించుకోవడానికి నెలల తరబడి తిరిగారు.

అత్తయ్యగారితో ఒప్పందం కుదుర్చుకోవడం నేను చేసిన పనులన్నిటిలోకీ సున్నితమైనది. "మీరు మామూలుగానే రెండో అంకె నొక్కండి. నాకు మోగుతుంది. నేను ఎత్తను. ఎత్తలేదంటే మీ కాల్ అందిందని అర్థం. ఒకసారి మోగించి పెట్టేస్తే క్షేమమని అనుకుంటాను. వెంట వెంటనే రెండుసార్లు మోగిస్తే మాట్లాడాలన్నమాట, నేనే చేస్తాను" అని నాలుగు రోజులపాటు ఇంట్లోనే సాధన చేయించాను. ఆవిడ హాల్లో కూర్చుని నొక్కేవారు, నేను వంటింట్లో ఫోన్ మోగనిచ్చి ఊరుకునేదాన్ని. ఎత్తితే డబ్బులు పడతాయన్న మాట ఆవిడ మనసులో బాగా నాటుకుంది. నేను తిరిగి చేసేది పనిచేసే అమ్మాయి ఫోన్‌కు వాట్సాప్‌లో. ఆ అమ్మాయి ఫోన్‌లో మేము ఉన్న రోజులకు సరిపడా డేటా నేనే వేయించాను.

విమానం ఎక్కే ముందు, నేవీ వారి ఆవరణకు ఆనుకుని ఉన్న మన విమానాశ్రయంలో కూర్చుని, రెండు ఫోన్లలోనూ డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉందో లేదో మరోసారి చూశాను. దుబాయి తరవాత ఆ ఒక్క బటన్ మీద నా కన్ను ఎప్పుడూ ఉంటుంది. చాంగీలో దిగాక ఫ్లైట్ మోడ్ తీయగానే రెండు నిమిషాలకు నా పాత నంబరుకు సింగపూర్‌కు స్వాగతమంటూ ఎస్సెమ్మెస్ వచ్చింది. ఆ వెనకే అత్తయ్యగారి మిస్డ్ కాల్. అప్పటికి విశాఖలో ఇంకా తెల్లవారలేదు. సింగపూర్ మన కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రంతా ఆవిడ నిద్రపోలేదన్నమాట.

సామాన్లు తీసుకుని బయటకు వచ్చేచోట డబ్బు మార్చే కౌంటర్లలోనే సిమ్ కార్డులు అమ్ముతున్నారు. పాస్‌పోర్టు చూపనిదే ఇవ్వరు. దాన్ని స్కాన్ చేసి నంబరును మన పేరున నమోదు చేస్తారు. ఒక మనిషికి మూడు ప్రీపెయిడ్ సిమ్‌ల వరకే ఇస్తారట. 28 రోజుల గడువున్న సిమ్ ఒకటి నా పేరున తీసుకున్నాను. మా వారికి తీసుకోలేదు. ఆయన ఎటు వెళ్ళినా నాతోనే వెళతారు. నా ఫోన్‌లో రెండో సిమ్ పెట్టే గాడిలోనే మెమరీ కార్డు కూడా ఉంటుంది, రెంటిలో ఒక్కటే పడుతుంది. కాబట్టి మెమరీ కార్డులోని ఫోటోలను ఇంటి దగ్గరే అమ్మాయి చెప్పినట్టు ఫోన్‌లోకి మార్చుకుని కార్డు తీసేశాను. కౌంటరులోని అమ్మాయి దగ్గర ట్రే తెరిచే పిన్ను కనబడలేదు. వెనక వరసలో మనుషులు నిలబడి ఉన్నారు. నేను చెవిదుద్దు సీల తిప్పి తీసి, ఆ దుద్దు కాడతో ఫోన్ పక్కనున్న సన్నని రంధ్రంలో మెల్లగా నొక్కితే ట్రే బయటకు జారింది. మొదటి గాడిలో నా విశాఖ సిమ్‌ను కదపకుండా, రెండో గాడిలో కొత్త సిమ్‌ను కోసిన మూల సరిచూసి పెట్టాను. వేలిగోరంత ఆ ముక్క కింద పడితే వెతకడం కష్టమని చేతిరుమాలు పరచుకుని ఈ పని చేశాను.

సిమ్ వేశాక సెట్టింగుల్లో మూడు సంగతులు చూసుకున్నాను. మొబైల్ డేటాకు రెండో సిమ్‌ను ఎంచుకోవడం మొదటిది. ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే రెండోదాని డేటాకు ఫోన్ తనంతట తానే మారిపోయే సదుపాయం చాలా ఫోన్లలో ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయకపోతే మనం ఎంత జాగ్రత్తపడినా రోమింగ్ డేటా వాడకం మొదలయ్యే వీలుంది; ఇది నన్ను చాలా భయపెట్టిన విషయం, ఎందుకంటే ఈ పేరుతో ఒక బటన్ ఉందని నాకు మా మేనల్లుడు చెప్పేదాకా తెలియదు. ఇక వాట్సాప్ తెరవగానే, కొత్త సిమ్ కనబడుతోంది, నంబరు మారుస్తారా అని అడిగింది. మార్చవద్దని చెప్పాలి. మార్చితే బంధువులందరి దగ్గరా ఉన్న నా పాత నంబరుతో వాట్సాప్ సంబంధం తెగిపోతుంది. పాత నంబరుతోనే వాట్సాప్, కొత్త సిమ్ నెట్ మీద, 26 రోజులూ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

నాలుగో రోజున ఇంటి నుంచి వరసగా రెండుసార్లు మోగింది. పనిచేసే అమ్మాయికి వాట్సాప్ చేస్తే కలవలేదు. సినిమా పాటలు చూసి డేటా అవగొట్టుకుందని తరవాత తెలిసింది. సింగపూర్ నంబరు నుంచి మామూలు కాల్ చేశాను. ఎత్తలేదు. అయిదుసార్లు చేశాను. గుండె దడదడలాడింది. మరిదికి వాట్సాప్‌లో చెబితే ఆయన ఆ అమ్మాయికి ఫోన్ చేశారు. ఆనక ఆ అమ్మాయి గొంతు వినబడింది: "ప్లస్ ఆరవై అయిదు అని ఏదో నంబరండి అమ్మగారూ. తెలీని నంబర్లు ఎత్తొద్దని మీరే గదా చెప్పారు." ఆమె చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. పార్శిల్ అంటూ పోలీసులమంటూ పైదేశాల నంబర్లతో మోసగాళ్ళు చేసే ఫోన్ల గురించి ఆ మాట నేనే వంద సార్లు చెప్పి ఉన్నాను. నా కొత్త నంబరు దొరికిన మొదటి గంటలోనే ఇంట్లో అందరి ఫోన్లలోనూ నా పేరుతో దాచి పెట్టించి ఉండాల్సింది. ఇంతకీ అత్తయ్యగారు రెండుసార్లు మోగించింది బీపీ మాత్ర ఏ డబ్బాలో ఉందో అడగడానికి.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది ఊరికి ఉత్తరపు కొసనున్న ఉడ్‌లాండ్స్‌లో. ఇంటి నుంచి కొంచెం నడిస్తే జొహోర్ జలసంధి, దాని అవతలి గట్టు మలేసియా. అక్కడ భీమిలి రోడ్డులాగా నీటి పక్కన నడిచే దారి ఉంది. ఒక సాయంత్రం నేనూ మా వారూ ఆ గట్టున కూర్చుని ఉండగా ఆయన ఫోన్ టింగుమంది. చూస్తే మలేసియాకు స్వాగతమని ఎస్సెమ్మెస్. మేము సింగపూర్ దాటనేలేదు. అవతలి గట్టు టవరు దగ్గరగా ఉండటంతో ఫోన్ దాన్ని పట్టుకుందన్నమాట. డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంది కాబట్టి మాకు పైసా ఖర్చు కాలేదు. కానీ సింగపూర్‌కు మాత్రమే పనిచేసే ప్యాక్ వేసుకుని, డేటా ఆన్‌లో పెట్టుకుని అక్కడ కూర్చున్న వారి సంగతి ఏమిటన్నది తలచుకుంటే నాకు దుబాయి బిల్లు గుర్తుకు వచ్చింది. ఆ సాయంత్రమే అల్లుడు రెండు ఫోన్లలోనూ నెట్‌వర్కును దానంతట అది ఎంచుకునే పద్ధతి తీసేసి, సింగపూర్ కంపెనీ ఒకదాన్ని స్థిరంగా పెట్టాడు. సరిహద్దు పక్కన ఉండేవారికి ఇది తప్పనిసరి. ఓడ ప్రయాణాలకు వెళ్ళేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. నడిసముద్రంలో ఓడమీద దొరికే సిగ్నల్ శాటిలైట్‌ది. మామూలు రోమింగ్ ప్యాక్‌లు దానికి వర్తించవు.

మేము సరిగ్గా చేయలేకపోయిన పని కూడా ఒకటి ఉంది. మా వారి సిమ్‌ను పాత ఫోన్‌లోకి మార్చాం గాని, ఆయన బ్యాంకు యాప్‌ను ఇక్కడ ఉండగా ఆ ఫోన్‌లో వేయలేదు. పెన్షన్ పడిందో లేదో చూద్దామని సింగపూర్‌లో వేయబోతే, ఆ యాప్ ఆయన నంబరు నుంచి బ్యాంకుకు ఒక ఎస్సెమ్మెస్ తానే పంపి సరిచూసుకోవాలంది. యూపీఐ యాప్‌లదీ అదే పద్ధతి. ఆ నంబరు ఆ ఫోన్‌లోనే ఉందని అలా నిర్ధారించుకుంటాయి. వచ్చే ఎస్సెమ్మెస్ ఉచితమే గాని పోయే ఎస్సెమ్మెస్‌కు రోమింగ్ బ్యాలెన్సు ఉండాలి. మా వారి నంబరులో అది లేదు. మూడుసార్లు ప్రయత్నించాక యాప్ ఒక రోజుపాటు తలుపు మూసేసింది. ఇక మళ్ళీ ముట్టుకోలేదు; విశాఖ వచ్చాకే చూసుకున్నారు. నా ఫోన్‌లో పాత సిమ్ కదలకుండా ఉండటం వల్ల యూపీఐకి ఏ ఆటంకమూ రాలేదు. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు ఉడ్‌లాండ్స్ వంటింట్లో నిలబడి, పొయ్యి మీద బాలింతకు మిరియాల చారు మరుగుతుండగా కట్టాను.

సింగపూర్ సిమ్‌లో మేము వాడిన డేటాలో మూడొంతులు పిల్లను చూపించిన వీడియోలకే పోయింది. బారసాలనాడు అరగంటసేపు విజయనగరంలో మా అన్నయ్య వాళ్ళూ, గాజువాకలో మరిది వాళ్ళూ, ఎంవీపీ కాలనీలో అత్తయ్యగారూ ఒకే తెరమీద కూర్చుని, తొట్టెలో పిల్లను పడుకోబెట్టడం చూశారు. అత్తయ్యగారికి పనిచేసే అమ్మాయి ఫోన్‌ను ఎత్తి పట్టుకుంది. ఆవిడ తెర మీది పిల్ల బుగ్గను వేలితో తాకబోతే కాల్ తెగిపోయింది, మళ్ళీ కలిపాం. ఇంట్లో వైఫై ఉన్నా ఆ పూట అల్లుడి ఆఫీసు వారు, స్నేహితులు అందరూ దాని మీదే ఉండటంతో అది నెమ్మదించింది. నా సిమ్ నెట్ మీదే ఆ అరగంటా నడిచింది. ఇంట్లో వైఫై ఉంది కదా అని ఊరుకోకుండా సిమ్ తీసుకున్నందుకు నాకు ఆ రోజు తృప్తి కలిగింది.

తిరుగు ప్రయాణంలో రాత్రిపూట విశాఖలో దిగాం. ఫ్లైట్ మోడ్ తీయగానే మొదటి సిమ్‌కు మన నెట్‌వర్కు పేరు వచ్చింది. రెండో సిమ్ గడువు ఇంకా రెండు రోజులుంది గాని దాన్ని ఇక్కడ వాడే పని లేదు. సామాన్ల బెల్టు దగ్గరే రోమింగ్ మానిపించమని ఫోన్ యాప్‌లో కోరి, అది అయినట్టు ఎస్సెమ్మెస్ వచ్చాక బయటకు వచ్చి టాక్సీ ఎక్కాం. ఎన్ఏడీ కూడలి దగ్గర ఫ్లైఓవరు ఎక్కుతుండగా ఫోన్ మోగింది. అత్తయ్యగారు. అలవాటు కొద్దీ రెండు క్షణాలు అలాగే చేతిలో పట్టుకుని ఉండిపోయి, ఆ తరవాత ఎత్తాను.

అటువైపు ఆవిడ గతుక్కుమన్నారు. "అదేమిటమ్మా, ఎత్తేశావు? డబ్బులు పడిపోవూ?" అన్నారు.

"పడవు అత్తయ్యగారూ. ఎన్ఏడీ దాకా వచ్చేశాం" అన్నాను.